పొగతోట సందులో పుస్తకాల కొట్టు: ఆదివారం రచయితలతో ముచ్చట్లు, ఈమధ్య మీరు చదివిన మంచి పుస్తకాలు

పెన్నగట్టు
ఆదివారం, రాత్రి 10.15

అందరికీ నమస్కారం. నెల్లూరు పొగతోటలో ఆసుపత్రుల వెనక సందులో ఉన్న పుస్తకాల కొట్టు గురించి ఇక్కడ ఇదివరకు ఒకరిద్దరు రాశారు. నెలకోసారి, మూడో ఆదివారం సాయంత్రం అక్కడికి ఒక రచయిత వచ్చి కూర్చుంటున్నారు. ఇవాళ నేను వెళ్ళడం నాలుగోసారి. ఇంటికొచ్చి అన్నం తిన్నాక కూడా మనసు అక్కడే ఉంది, అందుకే రాస్తున్నా.

ఇవాళ వచ్చినావిడ కావలి వైపు ఒక బడిలో టీచరు. ఇది ఆవిడ మొదటి కథల పుస్తకం. వేదిక లేదు, మైకు లేదు, శాలువాలు లేవు. ఎదురుగా ఉన్న టైలరు షాపులోంచి తెచ్చిన కుర్చీలు, స్టూళ్ళు అన్నీ కలిపితే ఇరవై ఉంటాయేమో. ఆలస్యంగా వచ్చినవాళ్ళు పుస్తకాల కట్టల మీద కూర్చోబోతే కొట్టు నడిపే అక్క కోప్పడి గుమ్మం మీద కూర్చోబెట్టింది.

ఆవిడ నాట్ల కూలీల మీద రాసిన కథ చదవడం మొదలుపెట్టారు. రెండు పేజీలు అయ్యాయో లేదో కరెంటు పోయింది. ఇద్దరు ముగ్గురు సెల్‌ఫోన్ లైట్లు వేశారు కానీ ఆ వెలుతురు ఆవిడ కళ్ళజోడు మీద పడి అక్షరాలు కనపడలేదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని, మిగతా కథ నోటితో చెప్పడం మొదలుపెట్టారు. పుస్తకంలో ‘అమ్మ పొలం పనికి వెళ్ళేది’ అని ఉంది. నోటితో చెప్పేటప్పుడు అది ‘మాయమ్మ నాట్లకి పొయ్యేది, కయ్యలో దిగిందంటే పొద్దుగూకేదాకా నడుం ఎత్తేది కాదు’ అయింది. నా పక్కన మందుల షాపులో పనిచేసే ఒక అమ్మాయి కూర్చుని ఉంది. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నదల్లా దాన్ని బ్యాగులో పెట్టేసి ముందుకు వంగింది.

కథ అయ్యాక ఆ అమ్మాయి అడిగింది: ‘మేడం, ఇప్పుడు చెప్పినట్టే పుస్తకంలో ఎందుకు రాయలేదు?’

ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, ‘భయమేసిందమ్మా. పుస్తకమంటే అట్టా రాయకూడదేమో అనుకున్నా’ అన్నారు.

పెద్ద పెద్ద సభల్లో గంటల తరబడి కూర్చున్నాను. ఒక రచయిత ఇంత నిజం చెప్పడం ఎప్పుడూ వినలేదు. కరెంటు వచ్చాక కూడా ఆవిడ పుస్తకం తెరవలేదు, చెబుతూనే ఉన్నారు.

మీలో ఇంకెవరైనా వచ్చారా? వచ్చే నెలలకి ఎవర్ని పిలిస్తే బాగుంటుంది? ఈమధ్య ఏం చదివారో కూడా రాయండి, అక్క తెప్పిస్తానంటోంది.


దర్గామిట్ట నర్సమ్మ
ఆదివారం, రాత్రి 11.02

నేను వచ్చాను. నైట్ డ్యూటీ ఉండి యూనిఫాంలోనే వచ్చి వెనక నిలబడ్డా, ఎనిమిదింటికల్లా వెళ్ళిపోయా. ‘నడుం ఎత్తేది కాదు’ అన్నప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో మంచం మీద కూడా ఆమె నడుం నిటారుగా ఉండేది కాదు. మేం దిండ్లు సర్దుతుంటే ‘అట్టే వంగిపోయింది లే, దాని జోలికి పోబాకండి’ అనేది. ఈ మాట ఏ పుస్తకంలోనైనా ఉంటే బాగుండని నిన్నటిదాకా అనుకోలేదు, ఇప్పుడు అనిపిస్తోంది.


మూలాపేట మాస్టారు
సోమవారం, ఉదయం 6.20

నేను ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైన వాణ్ణి. నిన్న రాలేకపోయాను, మోకాళ్ళ నొప్పి. పెన్నగట్టు గారు రాసింది చదివి చాలా సంతోషించాను.

ఆ రచయిత్రి గారి భయం కొత్తది కాదు. అయితే మన ఊళ్ళోనే దానికి మందు కూడా ఉంది. తిక్కన 13వ శతాబ్దంలో ఈ పెన్న ఒడ్డున, మనుమసిద్ధి దగ్గర ఉండి, విరాటపర్వం నుంచి మొదలుపెట్టి భారతంలో 15 పర్వాలు తెలుగు చేశాడు. అవి చదివితే ఎక్కడ చూసినా మనుషులు మాట్లాడుకుంటూనే ఉంటారు. విరాటపర్వంలో ద్రౌపది కీచకుడి సంగతి చెప్పుకోవడానికి రాత్రిపూట వంటశాలకు వెళ్ళి, నిద్రపోతున్న భీముణ్ణి లేపుతుంది. అంత పెద్ద కావ్యంలో ఒక ఆడమనిషి బాధ చెప్పుకోవడానికి దొరికిన చోటు వంటిల్లు! ఆ ఘట్టం తరగతిలో చెప్పిన ప్రతిసారీ ఆడపిల్లలు తలెత్తి వినేవాళ్ళు.

కొట్టు అక్కకు నా మనవి. నెలనెలా రచయిత రావడానికి ముందు ఒక పది నిమిషాలు తిక్కనది ఒక పద్యం చదివి, అర్థం వాడుక భాషలో చెప్పుకుందాం. నేను చెబుతాను. ఒక్క రూపాయి అక్కర్లేదు, ఆనుకునే కుర్చీ ఒకటి చాలు.


ఒంగోలు పినాకిని
సోమవారం, ఉదయం 8.40

మాస్టారూ, కవిత్రయంలో ఇంకొకాయన మా వైపు మనిషి, మర్చిపోకండి. నన్నయ వదిలిన అరణ్యపర్వ శేషాన్ని పూర్తిచేసిన ఎర్రన అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. ఆయనది కందుకూరు పక్కన గుడ్లూరు అని చెబుతారు. ముగ్గురిలో ఇద్దరు మన పాత నెల్లూరు సీమ వాళ్ళే.

నాకొక ఇబ్బంది ఉంది. నేను ఒంగోలు నుంచి రావాలి. ఇక్కణ్ణించి నెల్లూరు సుమారు 120 కిలోమీటర్లు. పొద్దున పినాకిని రైలుకి వచ్చి సాయంత్రం తిరుగు పినాకినికి వెళ్ళిపోవచ్చు అనుకుంటే, మీ కార్యక్రమం మొదలయ్యేసరికే ఆ బండి వెళ్ళిపోతుంది. బస్సులో అర్ధరాత్రి ఇంటికి చేరితే మర్నాడు ఆఫీసు. రెండు నెలలకొకసారైనా ఉదయం పూట పెడితే మావాళ్ళు ముగ్గురు నలుగురం కలిసి వస్తాం.

చదవమని చెప్పేది: సలీం గారి ‘కాలుతున్న పూలతోట’. ఆయన ఒంగోలు పక్కన త్రోవగుంటలో పుట్టారు. ఈ నవలకే 2010లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. మా ఊళ్ళోనే చాలామందికి ఆ సంగతి తెలియదు. నేను ఆఫీసులో పదిమందిని అడిగాను, ఒక్కరికే తెలుసు.


పుస్తకాలక్క
సోమవారం, మధ్యాహ్నం 2.10

అందరి మాటలూ చదివాను. బేరం లేని టైము కాబట్టి తీరిగ్గా రాస్తున్నా.

మాస్టారూ, మీరు రండి. కుర్చీ సంగతి నాకు వదిలేయండి.

ఒంగోలు తమ్ముడూ, నీ మాట న్యాయమే. ఉదయం పదిన్నరకి పెట్టి భోజనాల వేళకి ముగిద్దాం. ఆదివారం పొద్దున చుట్టూ ఆసుపత్రుల ఓపీ ఉండదు కాబట్టి సందులో బండ్లు పెట్టుకోవడానికి కూడా చోటుంటుంది.

నిన్న ప్రశ్న అడిగిన అమ్మాయి సంగతి ఒకటి చెప్పాలి. కార్యక్రమం అయ్యాక వచ్చి ‘అక్కా, మేం మాట్లాడుకునేటట్టు రాసిన పుస్తకం ఏదైనా ఉందా’ అంది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ తీసిచ్చాను. నిలబడే రెండు పేజీలు చదివింది. ఏం మాట్లాడకుండా బ్యాగులోంచి డబ్బులు తీసింది. వంద నోటు ఒకటి, మిగిలినవి పదులు, ఇరవైలు. లెక్కపెట్టి, ఆటోకి ఉంచుకుని, తక్కువైన ముప్పై రూపాయలు జీతం రోజున ఇస్తానంది. ఇవ్వకపోయినా ఫరవాలేదన్నాను. ‘లేదక్కా, రాసుకో’ అని నా పొడుగు నోటుబుక్కు ముందుకు జరిపింది. ఆ పుస్తకంలో ఇప్పటిదాకా ప్రచురణకర్తలకు నేను కట్టాల్సిన బాకీలే ఉండేవి. నాకు పాఠకురాలు బాకీ పడటం ఇదే మొదలు.


కావలి పిల్ల
సోమవారం, మధ్యాహ్నం 3.30

అక్కా, చదువుతుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ‘దర్గామిట్ట కతలు’, ‘పోలేరమ్మ బండ కతలు’ రెండూ మా ఇంట్లో ఉన్నాయి. మా కావలి వీధులు, మా పిలకాయల ఆటలు, తిట్లు, పండగలు అన్నీ అందులో ఉంటాయి. హాస్టల్లో ఉన్నప్పుడు ఇంటి మీద బెంగపెట్టుకుంటే అవే చదివేదాన్ని. రూమ్మేటుది విశాఖ, ఆమెకి ‘యాడికి’, ‘ఎట్టా’, ‘పోబాక’ అన్నీ వింతగా ఉండేవి. సగం పుస్తకం అయ్యేసరికి ఆమే ‘పోబాక’ అనడం మొదలుపెట్టింది.

అదే రచయిత ‘న్యూ బాంబే టైలర్స్’ కూడా తెప్పించక్కా. దర్జీ కథ. రెడీమేడ్ బట్టలు వచ్చాక కుట్టుపని చేసేవాళ్ళ బతుకు ఏమైందో అందులో ఉంటుంది.


మార్కాపురం పలక
సోమవారం, సాయంత్రం 7.05

నేను కొంచెం వేరేగా చెబుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. మాండలికంలో రాస్తే ఆ ప్రాంతం వాళ్ళకి హాయి, మిగతావాళ్ళకి శ్రమ. మాది పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, నల్లమల అంచు. నెల్లూరు మాటలే నాకు కొన్ని అర్థం కావు, ఇంక ఉత్తరాంధ్ర కథలైతే మొదటి పేజీ దాటడం కష్టం. అందరికీ అర్థమయ్యే భాషలో రాసిన ఆ టీచరు గారిని తప్పుపట్టనక్కర్లేదు కదా.


పెన్నగట్టు
సోమవారం, రాత్రి 9.00

తప్పు ఎవరూ పట్టలేదన్నా. ఆవిడే తన సంగతి తను చెప్పుకున్నారు. కథ చెప్పేవాడి గొంతు శిష్టభాషలోనే ఉన్నా ఇబ్బంది లేదు. పాత్ర నోరు తెరిచినప్పుడు మాత్రం ఆ మనిషి మాటే రావాలి. కూలికి పోయే తల్లి ‘నేను మిక్కిలి అలసిపోయాను’ అంటే ఆమె తల్లిలా ఉండదు.

మీ మాటలో నిజం లేకపోలేదు. నాకూ కొన్ని పుస్తకాలు మొదటి పది పేజీలు నెమ్మదిగా నడిచాయి. పైకి చదివితే కళ్ళకి అర్థం కానిది చెవికి అర్థమయింది. అందుకే ఇలాంటి కథలు నలుగురు కూర్చుని చదువుకోవడం మంచిదని నా నమ్మకం.


కందుకూరు రైతుబిడ్డ
సోమవారం, రాత్రి 9.45

మార్కాపురం అన్నకి: మీ నల్లమల అంచు వాళ్ళకైతే ‘కొండపొలం’ సొంత ఇంటి కథలాగుంటుంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాశారు, అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది. కరువుకి గొర్రెల మందల్ని తోలుకుని నల్లమలకి పోయిన కాపరుల కథ. మాది మెట్ట. గొర్రెలకి మేత దొరకని ఏడాది ఇంట్లో ఎలాంటి నిశ్శబ్దం ఉంటుందో నాకు తెలుసు. సినిమా చూసి నవల చదవకుండా వదిలేయొద్దు. అడవి నవలలోనే పూర్తిగా ఉంది.

ఇంకోటి. దువ్వూరి రామిరెడ్డి గారిని మన జిల్లాలోనే మర్చిపోతున్నాం. ‘కవికోకిల’ అని పేరు. ‘కృషీవలుడు’ కావ్యం రాశారు, పారశీకం నేర్చుకుని ఉమర్ ఖయ్యాం రుబాయీల్ని ‘పానశాల’గా తెలుగు చేశారు. పల్లెలో సేద్యం చూసుకుంటూ పర్షియన్ చదివిన మనిషి! మా తాత ఆయన పద్యాలు ఎద్దులబండి మీద పాడేవాడు. మాస్టారూ, తిక్కనతో పాటు ఒక నెల వీరిది కూడా చెప్పండి.


మార్కాపురం పలక
సోమవారం, రాత్రి 10.30

‘కొండపొలం’ చదివాను, నిజమే. అందులో మాటలు నాకు ఒక్కటి కూడా అడ్డం పడలేదు. బహుశా నాకు దగ్గరైనవి కాబట్టి. అంటే నేను పైన చెప్పిన మాట మళ్ళీ ఆలోచించుకోవాలి.


వేదాయపాళెం తండ్రి
మంగళవారం, ఉదయం 9.15

మీరంతా సీరియస్ సాహిత్యం మాట్లాడుకుంటున్నారు. నాదొక చిన్న అవసరం. మా పాపకి తొమ్మిదేళ్ళు, ఇంగ్లీష్ మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. బడిలో తెలుగు అంటే మార్కుల టెన్షన్. ఇష్టంగా చదివే పుస్తకం ఏదైనా చెప్పండి. నీతికథలు వద్దు, వాటికి దూరంగా పారిపోతోంది.


పుస్తకాలక్క
మంగళవారం, ఉదయం 11.40

పాపని శనివారం తీసుకురండి, తనే ఎంచుకోనివ్వండి. నా అనుభవంలో పెద్దవాళ్ళు ఎంచిన పుస్తకం అట్ట నలగకుండా అలాగే ఉంటుంది.

‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు వేసినవి కింది అరలో పెట్టాను, పిల్లల చేతికి అందేటట్టు. బొమ్మలు పెద్దవి, పేజీకి రెండు మూడు వాక్యాలు ఉండేవాటితో మొదలుపెట్టండి. కొంచెం అలవాటయ్యాక ‘రైలుబడి’ ఇవ్వండి. జపాన్‌లో రైలుపెట్టెల్లో నడిచిన బడి, అందులో తొత్తోచాన్ అనే పాప. ఒక్కసారిగా ఇవ్వకుండా రాత్రిపూట మీరు ఒక అధ్యాయం చదివి, మంచి పట్టులో ఆపేయండి. మిగతాది తనే చదువుకుంటుంది. మా అబ్బాయికి అలాగే అలవాటు చేశాను.


చిన్నబజారు వ్యాపారి
మంగళవారం, మధ్యాహ్నం 1.20

నేను పుస్తకాలు చదివేవాణ్ణే, కానీ వ్యాపారస్తుణ్ణి కూడా కాబట్టి లెక్క అడుగుతున్నా. ఇరవై మందితో నెలకి ఒక సాయంత్రం చేస్తే కొట్టు ఎలా నిలబడుతుంది? ట్రంకు రోడ్డులో పురమందిరం ఉంది కదా. సినిమాలకి రాసే పేరున్న రచయితని ఒకర్ని పిలిచి అక్కడ పెద్దగా చేస్తే వందలమంది వస్తారు, పేపర్లో పడుతుంది, కొట్టుకి పేరొస్తుంది. అలాగే ఆన్‌లైన్లో డిస్కౌంటుకి దొరికే పుస్తకాన్ని ఇక్కడ పూర్తి ధరకి ఎందుకు కొంటారు? కొట్టు బాగుండాలనే అడుగుతున్నా.


పుస్తకాలక్క
మంగళవారం, సాయంత్రం 4.00

అన్నా, నువ్వు అడిగింది రోజూ నన్ను నేను అడిగేదే.

పెద్ద సభ ఒకసారి చేశాను. రెండేళ్ళయింది. హాలు అద్దె, ఫ్లెక్సీలు, దండలు, శాలువాలు, రచయితకి రైలు టికెట్టు, లాడ్జి. వేదిక మీద తొమ్మిది మంది. ఒక్కొక్కరూ రచయితని పొగిడి, ఆ తర్వాత తమ గురించి చెప్పుకున్నారు. రచయితకి మైకు అందేసరికి జనం లేచి బస్సులకి పోతున్నారు. ఆయన పదకొండు నిమిషాలు మాట్లాడారు, నేను గడియారం చూస్తూనే ఉన్నా. ఎనభై పుస్తకాలు తెప్పిస్తే ఆరు అమ్ముడయ్యాయి. వేదిక మీది వాళ్ళందరికీ ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. మిగిలినవి తిప్పి పంపితే, తీసుకెళ్ళిన పార్శిలు వాళ్ళు వానలో తడిపేశారు, ప్రచురణకర్త తీసుకోలేదు. ఆ నష్టం తీరడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు మనం చేసే దానికి ఖర్చు టీ, మైసూరు బజ్జీలు. నిన్నకాక మొన్న వచ్చినవాళ్ళు ఇరవైమూడు మంది, టీచరు గారి పుస్తకాలు పదిహేడు పోయాయి, వేరేవి ఇంకో పన్నెండు. వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తారు, ఇంకొకర్ని తెస్తారు.

డిస్కౌంటు సంగతి. పుస్తకాల మీద జీఎస్‌టీ లేదు, అదొక్కటే మాకు ఊరట. ప్రచురణకర్త నాకిచ్చే కమీషన్‌లోంచే అద్దె, కరెంటు, రవాణా అన్నీ పోవాలి. వాళ్ళలా తగ్గించలేను. నేనివ్వగలిగింది ఒక్కటే: పుస్తకం తీసి నాలుగు పేజీలు కూర్చుని చదువుకోండి, నచ్చకపోతే పెట్టేసి వెళ్ళండి, ఏమీ అనను. చాలామంది అట్ట ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. ఒకప్పుడు మనసు చివుక్కుమనేది. ఇప్పుడు ‘చదివి ఎలా ఉందో చెప్పండి’ అంటున్నా. వాళ్ళలో ఇద్దరు తిరిగొచ్చి నా దగ్గరే కొనడం మొదలుపెట్టారు.

దూరంగా ఉన్నవాళ్ళకి ఒక మంచి వార్త. పాత రిజిస్టర్డ్ బుక్‌పోస్టు ఆగిపోయాక మాలాంటి చిన్న కొట్లకి చాలా దెబ్బ తగిలింది, వంద రూపాయల పుస్తకానికి అంతకు దగ్గరగా పంపడానికే అయ్యేది. 2025 మే 1 నుంచి తపాలా శాఖ ‘జ్ఞాన్ పోస్ట్’ పెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100 రూపాయలు, పన్ను వేరే. కాస్త నెమ్మదిగా చేరుతుంది కానీ చేరుతుంది. మార్కాపురం, కనిగిరి, ఉదయగిరి నుంచి ఆర్డర్లు ఇప్పుడు ధైర్యంగా తీసుకుంటున్నా. నలుగురు కలిసి ఒకే పార్శిల్లో తెప్పించుకుంటే తలా పది పదిహేను రూపాయలే పడుతుంది.


చిన్నబజారు వ్యాపారి
మంగళవారం, సాయంత్రం 5.10

ఇరవైమూడు మందిలో ఇరవైతొమ్మిది పుస్తకాలంటే అది బేరమేనమ్మా. ఏ సభలోనూ అలా జరగదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నా. వచ్చే నెల బజ్జీల ఖర్చు నాది. కార్యక్రమం ముందు వద్దు, అయ్యాక పెట్టించు, పుస్తకాలకి నూనె మరకలు పడతాయి.


ఒంగోలు పినాకిని
మంగళవారం, రాత్రి 8.30

అక్కా, మా ఆరుగురి ఆర్డరు ఒకే పార్శిల్లో పంపు. నా వంతుకి వి. చంద్రశేఖరరావు గారి ‘ద్రోహవృక్షం’ వేసెయ్. 2017లో ఆయన పోయాక కూడా ఆయన కథలు నన్ను వదల్లేదు. మొదటిసారి చదివినప్పుడు కలో నిజమో తెలియక తికమకపడ్డా. రెండోసారి చదివితే ఆ కల లోపల ఊరు, కులం, ఉద్యమం, చావు అన్నీ కనిపించాయి. తొందరగా చదివేవి కావు. వారానికొకటి చాలు.

వీలైతే ఒకసారి అందరం కలిసి వేటపాలెం వెళ్దాం. సారస్వత నికేతనం 1918లో పెట్టిన లైబ్రరీ, ఒకప్పుడు మా ప్రకాశం జిల్లాలోదే, ఇప్పుడు బాపట్ల కింద ఉంది. అక్కడ పాత పత్రికలు పేజీ తిప్పడానికే చెయ్యి వణుకుతుంది. కాగితం అంత పెళుసు. నేను అప్పడం పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని తిప్పాను.


కావలి పిల్ల
మంగళవారం, రాత్రి 9.20

వేటపాలేనికి నేనూ వస్తా. ఎవర్ని పిలవాలన్న దానికి నా మాట ఒకటి. కథకులే కాకుండా అనువాదకుల్ని కూడా పిలవండి. ఇంగ్లీషు నవల ‘రూట్స్’ని సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేయకపోతే మా నాన్న లాంటి వాళ్ళకి అందులోని కుంటా కింటే తెలిసేవాడే కాదు. మా నాన్న ఇంగ్లీషు అక్షరం రాని మనిషి, ఆ పుస్తకం మూడుసార్లు చదివాడు. ఏ మాటకి ఏ మాట పెట్టారు, ఎక్కడ ఆగిపోయారు అని అనువాదకుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలని నాకు చాలా కోరిక.

కొత్తవాళ్ళలో రమేష్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’ చదవండి. లంబాడా తండాల కథలు, 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఎండపల్లి భారతి ‘ఎదారి బతుకులు’ కూడా. ఆవిడ మదనపల్లె దగ్గర పల్లెలో ఉండి, కూలి పనులు చేసుకునే ఆడవాళ్ళ సంగతులు వాళ్ళ మాటల్లోనే రాశారు. మన టీచరు గారికి ఆ పుస్తకం ఎవరైనా ఇవ్వాలి.


పుస్తకాలక్క
బుధవారం, మధ్యాహ్నం 12.15

టీచరు గారికి నిన్ననే పోస్టులో పంపాను. డబ్బులు కడతానన్నారు, వద్దన్నా.

ఎదురు షాపు టైలరు గారి గురించి కూడా రాయాలి, మీ అందరికీ కుర్చీలు ఇచ్చేది ఆయనే. ‘న్యూ బాంబే టైలర్స్’ నా సొంత ప్రతి ఉంటే నిన్న ఆయనకిచ్చాను. ఇవాళ పొద్దున షట్టరు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. ‘ఎవరమ్మా ఈయన, మా షాపులో ఎప్పుడు కూర్చున్నాడు?’ అన్నాడు. తర్వాత చొక్కా చేతి మడత విప్పి చూపించాడు, చేత్తో కుట్టిన కాజా. మిషను కాజాకి దారం పైపైన ఉంటుందట, చేతి కాజాకి ముడి పక్కనే ముడి పడుతుందట. వేలితో తడిమి చూడమన్నాడు. చూశాను, నిజంగానే అంచు గట్టిగా, చిన్న చిన్న పూసలు గుచ్చినట్టు ఉంది. ‘ఇట్టాంటివి రోజుకి నలభై తీసేవాణ్ణి. ఇప్పుడు నెలకి నాలుగు’ అన్నాడు. కుర్చీలిచ్చి షాపులోకి వెళ్ళిపోయే మనిషి, వచ్చే నెల తనూ కూర్చుంటానన్నాడు. ఆయన వస్తే ఆ కథే అందరం కలిసి చదువుదాం, కాజాల సంగతి ఆయన చెబుతాడు. ఆ రోజు రచయిత ఎవరూ లేకపోయినా ఫరవాలేదని నాకనిపిస్తోంది.


మూలాపేట మాస్టారు
బుధవారం, సాయంత్రం 6.00

తప్పకుండా అలాగే చేద్దాం. నా పద్యం పది నిమిషాలు కూడా ఆ రోజు టైలరు గారికే ఇవ్వండి. తిక్కన ఎనిమిది వందల ఏళ్ళు ఆగాడు, ఇంకో నెల ఆగుతాడు.


మందుల షాపు అమ్మాయి
బుధవారం, రాత్రి 10.50

ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. ఆ రోజు ప్రశ్న అడిగింది నేనే. పుస్తకాలక్క చెబితే ఈ చర్చ అంతా ఇప్పుడే చదివాను.

‘దర్గామిట్ట కతలు’ రెండు రాత్రుల్లో అయిపోయింది. షాపులో కూడా కౌంటర్ కింద పెట్టుకుని, జనం లేనప్పుడు చదివా. మా అమ్మకి చదవడం రాదు. ఇంట్లో రొట్టెలు చేస్తూ ‘ఏందే నీలో నువ్వు నవ్వుకుంటున్నావు’ అంది. పైకి చదివి వినిపించా. రెండు కతలయ్యేసరికి పెనం మీద రొట్టె మాడిపోయింది, అమ్మ చూసుకోలేదు. నిన్న రాత్రి తనే ‘ఆ పుస్తకం తియ్యి’ అంది. నేను మాట తప్పు పలికితే ‘అట్టా కాదు, ఇట్టా’ అని దిద్దుతోంది.

టీచర్ మేడం పుస్తకం కూడా కొనాలి, వచ్చే నెల కొంటాను. ముప్పై రూపాయల బాకీ గుర్తుంది అక్కా.

మా అమ్మ కూడా వస్తానంటోంది. తను కూడా నాట్లకి పోయిన మనిషే, నడుం నొప్పి, స్టూలు మీద ఎక్కువసేపు కూర్చోలేదు. గోడ పక్కన ఎక్కడైనా కొంచెం చోటుంటుందా?


పుస్తకాలక్క
బుధవారం, రాత్రి 11.05

ఉంటుంది తల్లీ. ఫ్యాను కింద, గోడ పక్కన, మాస్టారి కుర్చీ పక్కనే ఇంకో ఆనుడు కుర్చీ వేయిస్తా. వచ్చే నెల ఉదయం పదిన్నరకి. ఒంగోలు వాళ్ళకి స్టేషన్ నుంచి రావడానికి ఆటో చెప్పి ఉంచుతాను.